మోకాళ్ల మాత్రలు మళ్లీ పంపొద్దక్కా

బెంగుళూరు నుంచి

అక్క లచ్చుమమ్మ పాదాలకు తమ్ముడు ఈరన్న దండాలు పెట్టి రాసే సంగతులు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, కోడలు నాగవేణి, ఎద్దులు అంతా బాగున్నారా? ఫోనులో ఎంత అరిచినా నీకు వినబడదు, ఊరందరికీ వినబడుతుంది. అందుకే రాస్తున్నాను. నాగవేణితో చదివించుకో. నా అక్షరాలు చూసి నవ్వితే నవ్వనీ.

ఇక్కడ ఎప్పుడూ మబ్బే. మన ఎండ లేదు. మల్లేశు పనిచేసే బిల్డింగు గేటు దగ్గర నన్ను వాచ్‌మన్‌గా కూర్చోబెట్టారు. ఎంతోమంది వచ్చి పోతారు, తిన్నావా అని అడిగేవాడు ఒక్కడూ లేడు. వంట మల్లేశే చేస్తాడు. నా కొడుకే గానీ, వాడి పప్పు తింటే జబ్బు లేనివాడికీ వస్తుంది.

నా కడుపులో గడ్డ సంగతి చెబుతాను. క్యాన్సరని ఆదోనిలో చెప్పినప్పుడు నువ్వు ఏడ్చావు, నేను ఏడవలేదు. ఇక్కడ చూసే డాక్టరమ్మ బళ్లారి మనిషి, తెలుగు వస్తుంది. ఒక కొత్త సూది మందు కొందరికి ఇచ్చి చూస్తున్నారు, అందులో నన్నూ చేర్చుకున్నారు.

"ఈ మందు గడ్డను చంపదు తాతా" అంది.

"మల్ల యాలమ్మా పొడిసేది?" అన్నాను.

"నీ ఒంట్లో కాపలా కణాలుంటాయి. చెడ్డదాన్ని చంపేది అవే. ఈ గడ్డ 'నేను మీదాన్నే' అని వాటిని ఆపేస్తోంది. కొన్నింటితో తనకే చాకిరీ చేయించుకుంటోంది. మందు ఆ మోసాన్ని తప్పిస్తుంది. కొట్టేది నీ కణాలే."

"తెలిసిందిలే తల్లీ. మా దేవరగట్టులో దసరాకు కర్రలతో కొట్టుకుంటారు. ఎత్తుకపోయేటోళ్ల నుంచి సామిని కాపాడేటోళ్లం మేము. దివిటీ ఎలుగులో మొగమేడ కనపడతాది? పసుపు పూసుకోనొస్తే మనోడే అనుకుంటాము. ఈ గడ్డ అట్లనే పసుపు పూసుకోని మా గుంపులో దూరినాది."

"అంతే తాతా. ఆ పసుపే కడుగుతున్నాం" అని నవ్వింది.

మొదట గడ్డ కొంచెం తగ్గింది. తర్వాత తగ్గడం ఆగిపోయింది. వేరే మాత్రలేమైనా వేసుకుంటున్నావా అని డాక్టరమ్మ అడిగితే లేదని గట్టిగా చెప్పాను. నేను బయలుదేరేటప్పుడు తువ్వాలలో కట్టి ఇచ్చి, మల్లేశు ఊరికి వచ్చినప్పుడల్లా నువ్వు పంపే మోకాళ్ల మాత్రలను నేను మందుల్లో జమ కట్టలేదక్కా. అక్క ఇచ్చింది మందెలా అవుతుంది? అంతలో తువ్వాల దులిపితే పొట్లం ఆమె కాళ్ల దగ్గరే పడింది.

"ఇవేంటి?"

"మోకాళ్లవి. మా యక్క పంపినాది. ఏసుకుంటే గుర్రం మాదిరి నడుస్తాండాను."

ఆ మాత్రలను పరీక్షకు పంపింది. మరుసటి వారం ఆమె మొహం చూడాలి. "మోకాలికి వాపు తెచ్చేదీ కాపలా కణాలే. ఈ మాత్ర వాటిని నిద్రపుచ్చుతుంది, అందుకే నొప్పి తెలియదు. నేను లేపుతుంటే నువ్వు జోకొడుతున్నావా? ఇంకోసారి మింగితే సూది ఆపేస్తాను!"

నన్నిలా తిట్టింది నువ్వు, నీ తర్వాత ఆమే.

ఒక్కసారిగా ఆపకూడదట. కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించింది. ఇప్పుడు గడ్డ మళ్లీ తగ్గుతోంది. పూర్తిగా పోతుందని ఆమె అనలేదు, నేను అడగలేదు. మొన్న ఉగ్గాని తిన్నాను. మల్లేశుకు గిన్నె మాత్రమే మిగిలింది.

అందుకని మాత్రలు పంపొద్దు. కోపం తెచ్చుకోవద్దు. నువ్వూ అవే మింగుతున్నావు. నీ అంతట నువ్వే మానేయకు, బావను తీసుకొని ఆదోనిలో పెద్ద డాక్టరుకు పొట్లం చూపించు. పంపాలనిపిస్తే చెనిక్కాయల పొడి పంపు, కారం దండిగా వేసి. దసరాకు నా కర్రకు నూనె పట్టించమని బావకు చెప్పు. కొట్టడానికి కాదు, పట్టుకొని నిలబడటానికి వస్తాను.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. నీ చెయ్యి నా తల మీద ఉంచు. మోకాళ్లు మాత్రం సలుపుతున్నాయక్కా. సలపనీ. సలిపినప్పుడల్లా మనవాళ్లు మేలుకొని ఉన్నారనుకుంటున్నాను.

నీ తమ్ముడు
ఈరన్న