ఇల్లుబండి బ్యాటరీలు

నవంబర్ 28, శుక్రవారం

మామా అన్నంత పనీ చేసింది. బండి కొనేసింది.

ఉత్త బండి కాదు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్, అన్నీ ఉన్నాయి. మోటర్‌హోమ్ అంటారట. నేను ఇల్లుబండి అంటున్నాను. జుఫైర్‌లో పనిచేసి సొంత దేశం వెళ్లిపోతున్న తెల్లాయన అమ్మాడు.

ఈ అరబ్బు దేశంలో మనం పనిచేసే ఇంటావిడని మామా అనాలి. వచ్చిన కొత్తలో ఆ మాట అన్నప్పుడల్లా మా మేనమామ మీసాలు గుర్తొచ్చి నవ్వాగేది కాదు. ఇప్పుడు ఈ ముసలావిడని మామా అనకపోతే నాకే తోచదు.

మామా భర్త, మా బాబా, బతికున్నప్పుడు చలికాలం రాగానే సఖీర్ ఎడారిలో డేరా వేసేవారు. ఆయన పోయాక కొడుకు జాసిమ్ డేరా ఊసే ఎత్తలేదు. ఈ వయసులో ఇసుకలో ఏం పడుకుంటావు, నా ఫ్లాటుకు వచ్చెయ్ అంటాడు. ఆ ఫ్లాట్లో వంటకి వేరే అమ్మాయి ఉంది. మామా అక్కడికి పోతే నా పని ఖలాస్, నన్ను విమానం ఎక్కిస్తారు. అందుకని బండి ఆవిడది అయినా, ఆశ నాది కూడా.

జాసిమ్ షరతు పెట్టాడు. ఈ చలికాలం చూస్తాను, బండితో ఏ తంటా వచ్చినా అమ్మేసి నా దగ్గరికి రావాల్సిందే అన్నాడు. మామా సరేనంది. డ్రైవర్ లచ్చన్న చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు పోనిచ్చాడు. మామా ఎందుకని అడిగింది. దిష్టి అన్నాను. అయితే ఇంకో నాలుగు పెట్టమంది.

ఇంకో సంగతి. బండిలో మంచం మీద చిన్న కబోర్డు ఉంది. టీవీ కోసం లోపల ప్లగ్గు కూడా పెట్టారు. ఈ దేశం వచ్చిన నాటి నుంచీ మా అన్నవరం సత్యదేవుడు నా సూట్‌కేసులో చీరల మధ్యే ఉన్నాడు. ఈ రోజు ఆయన్ని తీసి కబోర్డులో నిలబెట్టాను. మనామా గుడి సందులో కొన్న ఎర్ర కరెంటు దీపం పెట్టాను. ఇన్వర్టర్ స్విచ్ వేస్తేనే ప్లగ్గుల్లోకి కరెంటు వస్తుందని తెల్లాయన చూపించాడుగా, అదీ వేశాను. తలుపు మూసేశాను.

ఎవరికీ చెప్పను, ఈ ఇంట్లో మన దేవుణ్ణి చూస్తే ఏమంటారో అని భయం. నాకూ ఒక గది ఉండాలి, అది కబోర్డంత అయినా సరే.

డిసెంబర్ 3

ఇల్లుబండి చచ్చింది.

డిసెంబర్ 4, మధ్యాహ్నం

లైట్లు లేవు, ఫ్రిజ్ లేదు, కుళాయి తిప్పితే నీళ్ల మోటారు కుయ్యిమనలేదు. ఇంజన్ మాత్రం తాళం తిప్పగానే స్టార్టయింది. నాకు బుర్ర తిరిగిపోయింది. లచ్చన్న విడమరిచి చెప్పాడు. గీ బండికి రెండు తీర్ల బ్యాటరీలుంటయక్కా, ఇంజన్‌ది వేరు, ఇంటిది వేరు, ఇంటియి సచ్చినయ్ అన్నాడు. సోఫా కింద పలక ఎత్తి చూపించాడు. రెండు నల్ల పెట్టెలు, ఒకటి పొట్ట ఉబ్బి ఉంది.

జాసిమ్ ఫోన్లో నవ్వాడట. ఆ తెల్లాయన నిన్ను ముంచాడు అన్నాడట. మామా తెల్లాయన్ని అరబ్బీలో తిట్టింది. నేను తెలుగులో తిట్టాను.

డిసెంబర్ 5, శుక్రవారం

బ్యాటరీ షాపు భాయ్ వచ్చాడు. పాతవి పనికిరావు అని కొత్తవి బిగించాడు. ఒకసారి వైరింగ్ కూడా చూడు నాయనా అంటే అది నా పని కాదన్నాడు. పని కాకపోతే పోనీ, చాయ్ మాత్రం రెండు గ్లాసులు తాగాడు.

అన్నీ వెలిగాయి. ఫ్రిజ్ మొదలైంది. కబోర్డు సందులోంచి చూశాను, స్వామి దీపం కూడా వెలుగుతోంది. మామా మంచం మీద కూర్చుని పిల్లలా ఊగింది. జాసిమ్‌కి వీడియో పంపమంది. పంపాను. ఒకటి కాదు, మూడు.

డిసెంబర్ 9

మళ్లీ చచ్చింది. కొత్తవి! వాటి మీద కాగితం కూడా ఇంకా చింపలేదు.

డిసెంబర్ 10

జాసిమ్ కొనేవాణ్ణి చూసేశాడు. శుక్రవారం నమాజు అయ్యాక తీసుకొస్తాడట. ఆ బండిలో వైరింగే చెడింది, ఎన్ని బ్యాటరీలు పోసినా మింగేస్తుంది, మాట మాటే అన్నాడు.   మామా నేను చేసిన చేప మచ్‌బూస్ అన్నం ముట్టలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మాటకి కట్టుబడటం ఈవిడకి తెలుసని కదా వాడి ధీమా!

చూస్తూ ఊరుకోను. కరెంటు ఎవరు తాగుతున్నారో నేనే పట్టుకుంటాను.

డిసెంబర్ 11, సాయంత్రం

పట్టుకున్నాను.

పొద్దున్నే బండిని ఇంటి ప్లగ్గుకి తగిలించి బ్యాటరీలకి చార్జింగ్ పెట్టాం. సాయంత్రం ప్లగ్గు పీకి, కనిపించిన స్విచ్చులన్నీ ఆపాం. లచ్చన్న ఎక్కడి నుంచో మీటర్ తెచ్చి వైర్లకు పట్టాడు. ఇంకేదో గుంజుతున్నదక్కా అన్నాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. సోఫా కింద సన్నగా ఫ్యాన్ చప్పుడు. అది ఇన్వర్టర్, మొదటి రోజు నేనే వేసి మరిచిపోయాను. ప్లగ్గుల్లో ఏమీ లేదు కదా, అదెందుకు తిరుగుతుంది అని లచ్చన్న అడుగుతుండగానే నా చూపు పైకి పోయింది. కబోర్డు సందులో ఎర్రటి గీత.



తలుపు నేనే తెరిచాను. లచ్చన్న స్వామిని చూశాడు, నన్ను చూశాడు. టోపీ తీసి దండం పెట్టాడు. తర్వాత కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. దీపం ఎంతని తాగుతదక్కా, దానికోసం ఇన్వర్టర్ రాత్రింబగళ్లు నడిచింది గద, అదే ఊడ్చేసింది అన్నాడు.

మా ఊళ్లో ఇంట్లో జీరో బల్బు ఏడాదంతా వెలుగుతుంది. ఇక్కడ కరెంటు పోవడమే చూడలేదు. గోడలో ప్లగ్గు ఉంటే చాలు, కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుందనుకున్నాను. బండి గోడ వెనక రెండు పెట్టెలు తప్ప ఏమీ లేదని తట్టలేదు. పాపం తెల్లాయన, ఎన్ని తిట్లు తిన్నాడో.

దీపం తీసెయ్యి, ఎవలకు చెప్పకు, వైరు లూజుండెనని నేన్ చెప్త అన్నాడు లచ్చన్న. మంచివాడు. కానీ వైరు లూజంటే జాసిమ్ ఇంకా పట్టుబట్టి అమ్మేస్తాడు. నిజం చెబితే బండి నిలుస్తుంది, నేను నిలుస్తానో లేదో తెలీదు.

దొంగతనం చెయ్యలేదు. దీపం పెట్టాను. చెబుతాను.

డిసెంబర్ 12, శుక్రవారం

చెప్పాను. కొనేవాడు చక్రాలు తన్ని చూస్తుండగా, జాసిమ్ ముందే మామాకి చెప్పాను. బండిలో ఏ లోపమూ లేదు, బ్యాటరీలు తాగింది నా దీపం అన్నాను.

మామా మోకాళ్లు పట్టుకుంటూ బండి ఎక్కింది. కబోర్డు తెరిచి చాలాసేపు చూసింది. ఈయన్ని ఇందులో ఎందుకు పెట్టావు అంది. నీకు భయపడి అన్నాను. అప్పుడు వచ్చింది ఆవిడకి కోపం. బండి చెడినందుకు కాదు, బ్యాటరీల డబ్బు పోయినందుకూ కాదు. ఇన్నేళ్లు నా ఒళ్లు తోమి, నా మందులిచ్చి, నాకే భయపడ్డావా అని హిందీలో, అరబ్బీలో కలిపి దులిపింది.

జాసిమ్ కల్పించుకున్నాడు. సరే, బండి ఉంచుకో, కానీ ఆ దీపమూ ఆ బొమ్మా రెండూ దిగాలి అన్నాడు. నాకెక్కడి నుంచి వచ్చిందో ధైర్యం. దీపం తీస్తాను, అది బ్యాటరీకి చేటు, స్వామి దిగడు, ఆయన దిగితే నేనూ దిగుతాను, నా టికెట్ తెప్పించండి అన్నాను.  

మామా కొడుకు వైపు తిరిగింది. ఇది దిగిపోతే తెల్లారి నాకు చాయ్ ఎవరు పెడతారు, నువ్వా, అంది. బండికి తంటా వస్తే కదా మన మాట, తంటా బండిది కాదు, యల్లా, ఇక కానీ, ఆ కొనేవాణ్ణి పంపెయ్ అంది. కొనేవాడు అప్పటికే తన కారెక్కేశాడు.

జాసిమ్ తలుపు గట్టిగా వేసుకుని పోయాడు. గెలిచామని చెప్పలేను. ఆవిడకి ఉన్నది వాడొక్కడే కొడుకు.

సాయంత్రం మామా తనంతట తానే చెప్పింది. సఖీర్‌లో చీకటి పడితే డేరాలన్నీ ఒకేలా ఉంటాయట. అందుకని ఎవరికి వారు పొడవాటి కర్రకి రంగు దీపం కట్టుకుంటారట, తమవాళ్లు దారి తప్పకుండా. బాబాది పచ్చ దీపం. దాని కోసం జనరేటర్ ఎంత తాగినా ఆయన ఆపనిచ్చేవాడు కాదట. ఆ తర్వాత, ఈసారి ఎర్రది కట్టు అంది.

డిసెంబర్ 14

రెండు రోజులు చార్జింగ్ పెడితే బ్యాటరీలు తేరుకున్నాయి. పడుకోబోయే ముందు ఇన్వర్టర్ ఆపావా అని మామా రోజూ అడుగుతోంది. ఆపాను తల్లీ, ఆపాను.

డిసెంబర్ 19, సఖీర్

వచ్చేశాం. స్వామి కబోర్డులోనే ఉన్నాడు. తలుపు తీసే ఉంది. కర్ర మీద లచ్చన్న సోలార్ దీపం కట్టాడు. పగలంతా ఎండ తాగుతుంది, మా బ్యాటరీల జోలికి రాదు.

చీకటి పడ్డాక జాసిమ్ ఫోన్ చేశాడు. పిల్లలతో వచ్చాడట, ఇన్ని డేరాల్లో మీదేది అన్నాడు. మామా ఫోన్ నా చేతిలో పెట్టింది. నువ్వే చెప్పు అంది.

ఎర్ర దీపం, అన్నాను.

 కాసేపటికి మా బండి ముందే హారన్ వినిపించింది.