బోనెక్కిన వదిన

అన్నా,

ఈరోజు చిత్తూరు కోర్టులో వదిన సాక్ష్యం చెప్పింది. నిన్ను ఇసుక లారీతో తొక్కించినవాణ్ణి చూసింది ఆమె ఒక్కతే.

గేటు దగ్గర వాడి తమ్ముడు అడ్డం వచ్చాడు. "బిడ్డలు గలదానివి. ఈడ నీకేం పనిమ్మా? ఇంటికి పో."

వదిన వాణ్ణి తప్పుకుని లోపలికి నడిచింది. చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో నువ్వు పళ్లెంలోంచి తీసుకున్న వాగ్దానం కార్డు ఆమె గుప్పిట్లో ఉంది. దాని మీదున్నది, భయపడవద్దు, నేను తోడున్నానని యెషయా గ్రంథంలో దేవుడన్న మాట. ఆ ఏడాదే నిన్ను చంపారు. ఇన్నాళ్లూ ఆమె దాన్ని బీరువాలో బోర్లా పెట్టింది.

బోనులో ఆమె నిన్ను చంపినవాడి పేరు స్పష్టంగా చెప్పింది.

"భయం పోయిందా వదినా?" అన్నాను బయటికొచ్చాక.

"యాడ పోయింది? నాతోనే బోనెక్కినాది. దేవుడు గూడా ఎక్కినాడు, అంతే."

వాడు బెయిలు మీదున్నాడు. బస్టాండు దాకా మా వెనకే వచ్చాడు. వదిన తిరిగి చూడలేదు. నేనే చూశాను.