బుగ్గలో మేకులు

ప్రియమైన గుండుగాడికి,

అక్క దీవెనలు. ఫోన్ చేస్తే మీ షాపు టపటప మోతలో నీ "ఆఁ? ఆఁ?" తప్ప నాకేమీ వినబడదు. అందుకే ఈ ఉత్తరం.

మా ఆరోగ్య కేంద్రంలో కొత్త ఫోన్లు ఇచ్చారు. చిన్న లైటు తగిలించి నోట్లో ఫోటో తీస్తే చాలు, మచ్చ క్యాన్సర్‌కు దారి తీసేలా ఉందేమో అందులోని కృత్రిమ మేధ చెబుతుంది. ఎర్ర చుక్క వస్తే ఫోటో పెద్దాసుపత్రి డాక్టరుకు వెళుతుంది. పచ్చ చుక్క అయితే బెంగ లేదు. పెద్ద మిషన్లు అక్కర్లేదు, జనానికి ఖర్చూ లేదు. వీధి వీధీ తిరిగి నోళ్లు తెరిపిస్తున్నాను. నిన్న ఒక పెద్దాయన కట్టుడు పళ్లు తీసి నా చేతిలో పెట్టి, "ముందు వీటి ఫోటో తియ్యమ్మా, నా నోట్లో ఖరీదైనవి ఇవే" అన్నాడు.

నువ్వూ వెలుతురులో నిలబడి నాలుగు ఫోటోలు పంపు. పొగాకు మానేస్తానని నా తల మీద ఒట్టేసి ఆరేళ్లయింది, నాకు తెలుసు. అయినా పంపు.

నోళ్ల ఇన్‌స్పెక్టర్, నీ అక్క

ఒరేయ్ తమ్ముడూ,

ఫోటోలు అందాయి. ఎర్ర చుక్క వచ్చింది. ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉంది. భయమేస్తోంది రా. వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

అక్క

ప్రియమైన అక్కా,

కంగారు పడకు. అది మేకుల మచ్చ. సోఫాకు బట్ట బిగించేటప్పుడు నాన్న గుప్పెడు మేకులు ఎడమ బుగ్గలో దాచుకుని, ఒక్కొక్కటే నాలుకతో బయటికి తోసేవాడు కదా. నేనూ అంతే. గుచ్చుకుని గుచ్చుకుని కాయ కాసింది. నీ ఫోనుకు సోఫా పని ఏం తెలుసు? సినిమా హాలుకు రెండొందల కుర్చీలు కుట్టాలి, ఊపిరాడటం లేదు.

నీ గుండు

గుండూ,

నిజమే, నాన్న బుగ్గా గరుగ్గా ఉండేది. "గాయం, కారణం తెలుసు" అని ఫోన్లో ఒక గడి ఉంటే నొక్కాను. ఎర్ర చుక్క పోయింది, డాక్టరు జాబితాలోంచి నువ్వూ పోయావు. నా ప్రాణం కుదుటపడింది. ఇక కుర్చీలు కుట్టుకో.

అక్క

తమ్ముడూ,

ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చోలేక చెప్పకుండా వచ్చేశాను, క్షమించు. పది నెలల కిందటి ఆ ఫోటో చూసి డాక్టరు, "అప్పుడే వచ్చుంటే చిన్న కోతతో పోయేది" అన్నారు. ఇప్పుడు సగం దవడ, సగం నాలుక తీసేశారు. ఆ గడి నొక్కింది నా వేలే. ఫోన్ కేంద్రంలో తిరిగి ఇచ్చేశాను. ఇంకొకరి నోరు చూసే అర్హత నాకు లేదు.

అక్క

ప్రియమైన అక్కా,

మాట రాదు కాబట్టి రాస్తున్నాను. మాట వచ్చినా ఇది నీ ముందు చెప్పలేకపోయేవాణ్ణి.

నేను మేకులు నోట్లో పెట్టుకుని ఏడేళ్లు దాటింది. షాపులోకి మేకులు కొట్టే గాలి మిషన్ వచ్చింది. ఫోన్లో నువ్వు విన్న టపటప మోత దానిదే. ఆ మచ్చ ఉన్న చోట నేను పెట్టుకున్నది పొగాకు. ఒట్టేశాక వారం కూడా ఆగలేదు. నీకు తెలిస్తే ఏడుస్తావని మేకుల కథ చెప్పాను. నాన్న పేరెత్తితే ఇంకేమీ అడగవని తెలిసే ఎత్తాను. నీ ఫోన్ తప్పు చెప్పలేదు. అబద్ధం చెప్పింది నేను. నీ తప్పల్లా నన్ను నమ్మడమే.

గడ్డ మెడలోకి పాకిందట. ఎన్నాళ్లని డాక్టరును రాసి అడిగాను. ఆయన నా చేయి పట్టుకుని కూర్చున్నారు.

ఆ ఫోన్ మళ్లీ తీసుకో అక్కా. ఎవరే కథ చెప్పినా విను, కానీ ఆ గడి మాత్రం నొక్కకు. పక్క మంచం ఆయన భార్యకూ బుగ్గలో మచ్చ ఉంది, పన్ను ఒరుసుకుందని అంటోంది. ఆదివారం వచ్చేటప్పుడు ఫోన్ తెచ్చుకో.

నన్ను ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. ఇక్కడ ఏ మోతా లేదు, అన్నీ వినబడతాయి. ఎదురు చెప్పలేను కూడా.

నీ గుండు