నీ నూనె, నా ప్లాస్టరు

నాయనా,

ఈరోజు నీ తద్దినం. అది ముగిసీ ముగియకముందే ఆస్పత్రికి పరుగెత్తాను. జార్జి టౌన్‌లో బండి లాగే మునుసామి వీపు మీద మూట పడి వెన్నుపూస విరిగింది. నడుముకు ప్లాస్టరు వేయబోతే అతని భార్య అడ్డం నిలబడింది.

"మీ నాయనైతే నూనె రాసి, వెదురుబద్దలు పెట్టి కట్టేవాడు సామీ. మీరేంది, గోడకు మాదిరి ఈడ సున్నం పూస్తామంటారు?"

విదేశం పోయి ఏళ్ళ తరబడి వెన్నెముక ఒక్కటే చదివానమ్మా అన్నాను.

"అది సరే. మీరు ఆ కట్టువైద్యుడి కొడుకే కదా?"

మన తొండియార్‌పేట ఆస్పత్రిలో రోజూ ఇదే గోల. బోర్డు మీది నా డిగ్రీలు ఎవరికీ అక్కర్లేదు. వెన్ను విరిగితే నువ్వు చెయ్యి వేయకుండా పెద్దాసుపత్రికి పంపేసేవాడివని చెప్తే నమ్మరు. నన్ను ఈ చదువులోకి తోసింది అందుకే కదా!

చివరికి ఇంటినుంచి నీ నూనెసీసా తెప్పించి, ఆమె చూస్తుండగా అతని అరికాళ్ళకు రాశాను. అప్పుడు ఒప్పుకుంది. జిడ్డుచేతులతో ప్లాస్టరు పని సాగదు నాయనా. విసుక్కుంటూ సబ్బుతో పదే పదే కడుక్కుని కట్టు ముగించాను.

అమ్మ అన్నానికి పిలుస్తోంది, చేతులు కడుక్కుని రమ్మని. చేతులకింకా నీ వాసనే. కడుక్కోబుద్ధి కావడం లేదు.