అన్నం వేడిగా తింటున్నాం, నాన్నా

నాన్నా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళి ఏడాది దాటింది. నీకిలా రాయకూడదని తెలుసు. "పోనోలతో మనకి మాటల్లేవమ్మా... ఏటున్నా పెబువుకే సెప్పుకోవాల" అనేవాడివి. కానీ ఆ ప్రభువుతోనే నాకు మాటలు ఆగిపోయాయి. అందుకే నీకు రాస్తున్నాను. కోప్పడకు.

ముందు ఇంటి సంగతి. ఇప్పుడు మనింట్లో అన్నం వేడిగా తింటున్నాం. నువ్వుండగా ఏనాడైనా తిన్నామా? కంచాల్లో వడ్డించాక నీ ప్రార్థన మొదలయ్యేది. పక్కింటి ఆవు కాలు, వాన, కుట్టుమిషను బెల్టు, అత్త మోకాళ్ళు... ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగేవాడివి. చేపల పులుసు చల్లారి గడ్డకట్టేది. నేను ఒక కన్ను తెరిస్తే నీకెలా తెలిసేదో! "ఒసే, సల్లారితే సల్లారనీ. ఆకలెక్కడికీ పోదు" అనేవాడివి, కళ్ళు మూసుకునే.

ఇప్పుడు అమ్మ వడ్డిస్తుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తినేసి లేస్తాం.

"నా తరవాత పార్దన నువ్వే సెయ్యాల" అన్నావు కదా. చేసి చూశాను నాన్నా. కళ్ళు మూసుకుంటే షాపులో మిషను మీద తల వాల్చేసిన నువ్వే కనిపిస్తావు, మెడలో టేపుతో. ఇంక నోరు పెగలదు.

ఎమ్మే రెండో ఏడు నడుస్తోంది. కవిత్వం రాయడం నేర్పే కోర్సు ఒకటి పెట్టారు. కవిత్వానికి మార్కులు వేస్తారంటే నువ్వెంత నవ్వేవాడివో! నరసన్నపేటలో బస్సెక్కి, శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో మారి యూనివర్సిటీకి వెళ్తున్నాను. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటాం. ఒకరు తమ కవిత జిరాక్సులు పంచి, చదవాలి. తర్వాత మిగతావాళ్ళు దాన్ని ముక్కలు చేస్తుంటే రాసినవాళ్ళు నోరు మెదపకూడదు. అదే అక్కడి రూలు. నాకేం కష్టం కాలేదులే, ఇంట్లో అలవాటైందిగా.

నా వంతు వచ్చినప్పుడు నీ మీదే రాశాను. చదువుతూ చదువుతూ కళ్ళు మూసేసుకున్నానట. చివర్న "అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్" అనేశాను. కాగితంలో లేదు ఆ ముక్క! ఇంట్లో రానిది అక్కడెలా వచ్చింది? అందరూ గొల్లుమన్నారు. వెనకనుంచి ఎవరో ఆమేన్ అన్నారు కూడా. ఏడుపొచ్చింది. రూలు కదా, మింగేశాను.

మేడం మాత్రం నవ్వలేదు. కృప, కన్నీరు, కనికరం అన్న మాటలన్నీ పెన్సిలుతో కొట్టేశారు. సూదీ దారం మాట ఉన్న చోట అడ్డంగా గీత గీసి, అక్కడితో ఆపెయ్యమన్నారు. ఆమేన్ లేకుండా ఆపడమా? వీధి తలుపు వెయ్యకుండా పడుకున్నట్టు లేదూ? ఆవిడతో మనసులో చాలానే పోట్లాడాను.

తర్వాత వారాల తరబడి ఆ నాలుగు ముక్కలే దిద్దుకున్నాను, బస్సులో నాగావళి దాటుతూ, కిటికీ పక్కన. క్లాసులో అందరికీ తోడున్నారు, బెల్లు కొట్టగానే కేంటీనుకి పోతారు. నాకు... రాసింది చూపించుకోవడానికి నువ్వు తప్ప ఎవరున్నారు?

మొన్న నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఇంటి ముందు షామియానా వేశారు. అన్నం డేగిసాలు దించాక, భోజనాల ప్రార్థన నన్ను చెయ్యమన్నారు పాస్టరు గారు. నాకు చెప్పకుండా అమ్మే అడిగిందట! అందరూ తలలు వంచారు. ఎంత వెతికినా మొదటి మాటే దొరకలేదు. చివరికి నాకు వచ్చిందే చెప్పాను.

సూదిలో దారం ఎక్కించమని
కళ్ళజోడు తీసి పిలుస్తావు.
ఎక్కించాను.
పట్టుకుని నిలబడ్డాను.
పిలు, నాన్నా.

అక్కడే ఆపేశాను. ఆమేన్ అనలేదు. అనకపోతే మనవాళ్ళు కళ్ళు తెరవరని నీకు తెలుసుగా... ఎవ్వరూ తెరవలేదు. పాస్టరు గారూ తెరవలేదు, పిల్లలూ తెరవలేదు. వంచిన తలలు వంచినట్టే ఉన్నాయి. అంతమందిలో కళ్ళు తెరుచుకుని నేనొక్కదాన్నే. నువ్వు పోయిన రోజున కూడా నేనంత ఒంటరిగా లేను నాన్నా.

అప్పుడు అమ్మ... నీ ప్రార్థనలన్నిటికీ చెంగు కప్పుకుని పెదవులే కదిపిన అమ్మ... గట్టిగా "ఆమేన్" అంది.

ఆ తర్వాత అందరూ అన్నారు. వడ్డనలయ్యేసరికి అన్నం చల్లారింది. ఆ చల్లారిందే అందరూ కలుపుకుని తిన్నారు.

వాళ్ళంతా వెళ్ళిపోయారు. మళ్ళీ మేమిద్దరమే. ఇది రాస్తుండగానే అమ్మ కంచాలు పెట్టేసింది. కూర్చుని, చెంగు కప్పుకుని, కళ్ళు మూసుకుంది. నన్ను పిలవడం లేదు. ఊరికే ఆగి ఉంది.

ఏం చెప్పాలో నాకింకా తెలీదు నాన్నా. పక్కింటి ఆవు కాలుతో మొదలుపెడతాను.

ఉంటాను.

నీ అమ్మి