బీట్‌రూట్ అయిపోయాక

జనవరి 8

ప్రియమైన తమ్ముడికి,

మూడు రోజుల ముసురు ఇవాళ తెరిపిచ్చింది. కూలీమనిషీ నేనూ బీట్‌రూట్ తవ్వకం మొదలుపెట్టాం. ఈ ఏటికి ఇదే మొదటి దుంప. మట్టి బంకగా ఉండి, తవ్వడం కంటే కడగడానికే ఎక్కువ సేపు పట్టింది.

నీ సంగతి పాలవ్యాను డ్రైవరు చెప్పాడు. బీపీ పైది నూట డెబ్బై ఎనిమిదట. మార్చి పరీక్షలోపు నూట నలభైకి దిగకపోతే బాయిలర్ మీంచి తీసేసి గోడౌన్‌లో కూర్చోబెడతారట. ఇరవై ఆరేళ్ళుగా మిల్లు ఆవిరి ముల్లు చూసినవాడివి, నీ ముల్లు చూసుకోలేకపోయావు.

వేరే పని మీద ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడు నర్సమ్మని అడిగాను. రోజూ పొద్దున్న ఒక గ్లాసు బీట్‌రూట్ రసం తాగితే కొంత దిగుతుందట. మాత్రలు మాత్రం మానకూడదని రెండుసార్లు చెప్పింది. గోతం పంపుతున్నాను. రెండు దుంపలు, ఒక క్యారట్, కాస్త అల్లం. మిక్సీ పట్టి బట్టలో పిండమని మరదలికి చెప్పు. ఉప్పు వేసుకున్నావని తెలిస్తే నేనే వస్తాను.

నీ అక్క


జనవరి 26

ప్రియమైన అక్కకి,

రసం తాగుతున్నాను. మట్టి తాగినట్టే ఉంది. నీ మరదలు ఎదురుగా నిలబడి గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలదు.

ఇది నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. తాగడం మొదలుపెట్టిన రెండో రోజు మిల్లు మరుగుదొడ్డిలో చూసుకుంటే మూత్రం ఎర్రగా వచ్చింది. బాయిలర్ గాజులో నీళ్ళు ఎర్రబడితే తుప్పని చెప్పేస్తాను. నాలోంచి వస్తే ఏమని చెప్పను? నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో అసిస్టెంటుకి మొత్తం నేర్పేశాను. కాటా గుమాస్తాతో ఆరేళ్ళుగా మాటల్లేవని నీకు తెలుసు. వెళ్ళి, తప్పు నాదే అన్నాను. అతను బిత్తరపోయాడు.

ఐదో రోజు మిల్లు కంపౌండరుకి చెప్పాను. అతను తలెత్తకుండా అడిగాడు.

"ఏం తాగుతున్నావయ్యా?"

చెప్పాను. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. బీట్‌రూట్ తిన్నవాళ్ళలో కొందరికి అలా రంగు దిగుతుందట. మానేస్తే రెండు రోజుల్లో పోతుందట. అయినా పరీక్ష చేసి చూశాడు, రక్తం లేదు. ఇప్పుడు కాటా గుమాస్తా రోజూ టీకి నా దగ్గరికొచ్చి కూర్చుంటున్నాడు. లేవమంటే లేవడు.

నీ తమ్ముడు


జనవరి 30

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం గట్టు మీద కూర్చుని చదివాను. పారకి చేరబడి చాలాసేపు అలాగే ఉండిపోయాను. కూలీమనిషి వచ్చి, ఎవరైనా పోయారా అని అడిగింది. లేదు, బతికారని చెప్పాను.

నాకూ అలాగే వస్తోంది. మిగిలిన పగుళ్ళ దుంపలన్నీ నేనే తింటున్నాను మరి. ఇది దుంప రంగని నాకెవరూ చెప్పలేదు. నీ ఉత్తరంతో గుండెల మీది బరువు దిగింది. శుక్రవారం టౌను ఆసుపత్రిలో పని పెట్టుకున్నాను, ఇక అక్కర్లేదు. ఆ రోజు క్యాబేజీ నారు వేసుకుంటాను.

ఇంకో గోతం పంపుతున్నాను. గుమాస్తాకీ ఒక గ్లాసు పోయండి, రావడం మానేస్తాడు.

నీ అక్క


మార్చి 16

ప్రియమైన అక్కకి,

నిన్న పరీక్ష అయింది. నూట ముప్పై ఆరు. డాక్టరు పట్టీ విప్పి మళ్ళీ కట్టి చూశాడు. మాత్రలా, రసమా, ఉప్పు మానడమా, ఏది పనిచేసిందని అడిగితే మూడూ అన్నాడు. బాయిలర్ నాదే. నీ మరదలు మాత్రం ఆ మాట నమ్మదు, మొత్తం ఆడపడుచు గొప్పే అంటోంది.

గుమాస్తాకి గ్లాసు ఇచ్చి చూశాం. ఇంకోటి అడిగాడు.

నీ తమ్ముడు


మే 2

ప్రియమైన తమ్ముడికి,

ఎండలు ముదిరాయి. పొద్దున్న తొమ్మిదికల్లా పని ఆపేస్తున్నాం. క్యాబేజీ కోత సగమయింది. నాకు ఈ మధ్య నడుం పట్టేస్తోంది, బుట్ట కూలీమనిషే మోస్తోంది.

బీట్‌రూట్ అయిపోయి నలభై రోజులైంది. చివరి గోతం మార్చి ఇరవైన నీకే పంపాను, నాకు ఒక్క దుంపా మిగల్లేదు. ఈసారి విత్తనం గట్టిది. తినడం మానేసినా రంగు మాత్రం ఇంకా నన్ను వదల్లేదు. నిన్న మరీ చిక్కగా వచ్చింది. నీకూ అంతేనా?

మాత్రలు మానకు.

నీ అక్క


మే 5

అక్కా,

నాకు అలా లేదు. గోతం అయిపోయిన మూడో రోజుకి తెల్లగా వచ్చింది. ఈ ఉత్తరం నిలబడే రాస్తున్నాను.

మంట ఆపాక కూడా ముల్లు దిగకపోతే ముల్లుని అనుమానించం, లోపల చూస్తాం. నీది దుంప రంగు కాదు. నలభై రోజులు ఏ రంగూ ఉండదని కంపౌండరు అన్నాడు. ఈసారి అతను నవ్వలేదు.

క్యాబేజీ సంగతి వదిలెయ్. ఎల్లుండి నీ మరదలూ నేనూ వస్తున్నాం. పెద్దాసుపత్రికి వెళ్దాం. బట్టలు సర్దుకుని ఉండు.

నీ తమ్ముడు


మే 14

ప్రియమైన తమ్ముడికి,

మంగళవారం నువ్వు బస్సుకి వెళ్ళేముందు ఒక మాట చెప్పాలని ఆసుపత్రి మెట్ల దాకా వచ్చాను. నువ్వు అప్పటికే దిగిపోయావు. నిన్న డాక్టరుకి చెప్పాను, కాబట్టి నీకూ చెప్పాలి.

నలభై రోజుల ఆలస్యానికి నువ్వు తల బాదుకున్నావు. నలభై రోజులు కాదు. ఎర్రగా రావడం అక్టోబరులో, విత్తనాలు వేసిన వారం మొదలైంది. అప్పటికి తోటలో ఒక్క దుంప లేదు. నొప్పి లేదని ఊరుకున్నాను. జనవరిలో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళిన వేరే పని ఇదే. నర్సమ్మ టౌను ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది. ఆ శుక్రవారం వెళ్ళాల్సింది. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది. అక్టోబరు సంగతి నాకు గుర్తే ఉంది. గుర్తు లేనట్టు క్యాబేజీ నారు వేశాను. చీటీ ఇంకా విత్తనాల డబ్బాలోనే ఉంది.

నువ్వు రాసింది అబద్ధం కాదు. అది నీ సంగతి. నా సంగతి అనుకున్నది నేను.

మూత్రసంచిలో గడ్డ ఉందట. మొత్తం తీయగలడో లేదో లోపల చూస్తేగాని చెప్పలేనన్నాడు. అక్టోబరు అని విన్నాక పెన్ను కింద పెట్టాడు. సోమవారం ఆపరేషన్. ఇద్దరు రక్తం ఇవ్వాలి. మరదలు ఒకరు. రెండో మనిషిని నువ్వు చూడు.

నీ అక్క


మే 16

అక్కా,

చదివాను. రెండుసార్లు చదివాను.

రక్తం ఇద్దామని కంపౌండరు దగ్గరికి వెళితే పట్టీ కట్టాడు. నూట ఎనభై ఆరు. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ కట్టాడు. అంతే ఉంది. ఈ ప్రెషర్‌తో నా రక్తం తీసుకోరట. మేనేజరు బాయిలర్ గది తాళంచెవి అడిగి తీసుకున్నాడు. సెలవు చీటీ రాయాల్సిన పని తప్పింది.

గుమాస్తా అక్కడే ఉన్నాడు. నేను అడగలేదు. కాటా గదికి తాళం వేసి వచ్చి, నాది సరిపోతుందా అన్నాడు. చూశారు, సరిపోతుంది.

ఈ ఉత్తరం మధ్యాహ్నం మిల్లు లారీలో వస్తుంది. నేనూ గుమాస్తా ఇవాళ సాయంత్రం నాలుగింటి బస్సుకి బయల్దేరుతున్నాం.

నీ తమ్ముడు