చల్లదనం చూసిన చెయ్యి

షబీనా ఆపాకు సలాం. నేను కులాసా. ఈ కొండ మీద సిగ్నల్ అందదు, అందుకే కార్డు.

ఇక్కడ నేను చూసే ఏసీ మనుషులకు కాదు, టెలిస్కోపు పరికరానికి. ఒక నక్షత్రం వెలుగు పదకొండు రోజులకోసారి కాస్త తగ్గుతోందని పైనున్న ఉపగ్రహం పట్టింది. అడ్డొచ్చేది గ్రహమా, మరొకటా అన్నది ఇక్కడినుంచే తేల్చాలి. గ్రహమే అయితే అది నక్షత్రాన్ని కొద్దిగా అటూ ఇటూ లాగుతుంది. ఆ కదలికను కొలిచే పరికరం ఉన్న గదిలో చల్లదనం ఏమాత్రం మారినా లెక్క తప్పుతుంది.

మొన్న సాయంత్రం, నరసరావుపేట షాపులో అలవాటైనట్టే, ఆ గది తలుపు తీసి ఏసీ గాలికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. ఆ రాత్రి కొలతలన్నీ పనికిరాకుండా పోయాయి.

"చెయ్యి పెట్టకుండా చల్లదనం ఎట్టా తెలుస్తది మేడం?" అన్నాను, ఆ కొలతలు తీసే సైంటిస్టు మేడంతో.

"నీ ఒంటి వేడి చాలు మోయిన్, మా లెక్క చెడటానికి" అని, ఆ గది తాళంచెవి నాకే ఇచ్చింది. ఇక తలుపు తియ్యను.

అమ్మీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? షాపులో సత్తార్ భాయ్ దగ్గరున్న నా మీటరు తెప్పించు.

నా ఉద్యోగం పర్మినెంటయిందని అబ్బా వినుకొండ సంబంధం వాళ్లకు చెప్పారట. ఇక్కడివాళ్లు ఇంకా మూడు నెలలు నా పని చూశాకే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఆ మాట వాళ్లకు నువ్వే చెప్పు; వద్దనుకుంటే అనుకోనీ. ఏడాదిగా చూస్తున్నదాన్నే ఇక్కడ ఇంకా ఎవరూ గ్రహం అనడం లేదు.

పిల్లలకు దువా.

మోయిన్